నాన్నగారి ఇనుప చువ్వ, దుకాణం వారి మూడు సీసాలు

ప్రశ్న: నమస్కారమండి. మాది మడకశిర దగ్గర ఒక పల్లె. మూడెకరాల టెంకాయ తోట ఉంది. రెండెకరాల్లో పద్దెనిమిదేళ్ళ చెట్లు నూటపది, ఒక ఎకరంలో నాలుగేళ్ళ మొక్కలు యాభై అయిదు. బోరు నీళ్ళే ఆధారం, డ్రిప్పు వేసుకున్నాం. కాయల్లో సగం బొండాలుగా బెంగళూరు వ్యాపారులకు వేస్తాం. మిగిలినవి ఎండుకొబ్బరి చేసి కర్ణాటకలోని తిపటూరు పంపుతాం.

రెండేళ్ళుగా తోట బాగాలేదు. చిన్న మొక్కల ఆకులు ఎవరో కత్తెర పట్టినట్టు కత్తిరించి ఉంటున్నాయి. పెద్ద చెట్లలో రెండింటికి కాండం మీద రంధ్రాలు పడి గోధుమరంగు జిగురు కారుతోంది. వాటిలో ఒకదాని నడిమి ఆకు వాడి ఒరిగిపోయింది. కాయల మీద ముచ్చిక కింద నుంచి గోధుమరంగు మచ్చలు, పగుళ్ళు. పోయిన వేసవి నుంచి ఆకుల అడుగున తెల్లటి దూది చుట్టలు, కింది ఆకుల మీద మసి.

నాన్నకు డెబ్బై రెండేళ్ళు. ఆయన ఇనుప చువ్వ పట్టుకుని మొక్కల మొవ్వల్లో పొడుస్తారు. మట్టల సందుల్లో ఇసుక, ఉప్పు, బూడిద పోస్తారు. ఆముదం పిండి నానబెట్టిన కుండలు గట్ల మీద పెడతారు. ‘పురుగును చెట్టు మీద కాదు, దిబ్బలో వెతకాలి’ అంటారు. ఎరువుల దుకాణం ఆయన ఇదంతా పాతకాలం చాదస్తమని నవ్వి మూడు సీసాలు ఇచ్చాడు. రెండు కలిపి పిచికారీ చేయాలట, ఒకటి వేరుకు కట్టాలట. ఆరువేలు అయింది. ఇంకా విప్పలేదు. పక్క తోట ఆయన మట్టల్లో గుళికల పొట్లాలు పెట్టమంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఇంకొక చిన్న ప్రశ్న: మాఘంలో మా చెల్లెలి పెళ్ళి. పందిరికి మా చెట్ల మట్టలే కొట్టుకోవచ్చా?

సమాధానం: సీసాలు విప్పకుండా ఉత్తరం రాశారు. సగం పని అక్కడే అయింది. బిల్లు దాచి ఉంటే మిగతా సగం రేపు దుకాణానికి వెళ్ళి పూర్తి చేయవచ్చు. ఎందుకో చివర చెబుతాను.

మీరు రాసినది ఒక జబ్బు కాదు, నలుగురు దొంగలు. కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు, ఇరియోఫిడ్ నల్లి, సర్పిలాకార తెల్లదోమ. మొదటి ఇద్దరూ మీ తాతగారికి కూడా తెలిసిన వాళ్ళే. వారి విషయంలో మీ నాన్నగారు చేస్తున్న పనుల్లో ఒక్కటి తప్ప అన్నీ నిలబడతాయి. తర్వాతి ఇద్దరూ కొత్తగా వచ్చిన వాళ్ళు. నల్లి మన దేశంలో మొదటిసారి 1998లో కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో కనిపించింది. తెల్లదోమను 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో గుర్తించారు, ఆ ఏడాది చివరికే అది కడియం నర్సరీల దాకా వచ్చింది. ఎన్నడూ చూడని పురుగుకు పెద్దవాళ్ళ దగ్గర మందు లేకపోవడం వాళ్ళ తప్పు కాదు. దుకాణం ఆయనకు మాత్రం నాలుగింటికీ ఒకే సంచిలో మందు దొరికింది. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

చిన్న మొక్కలతో మొదలుపెడదాం, మీ ఆదాయం రేపు వాటి మీదే ఆధారపడుతుంది.

కొమ్ము పురుగు రాత్రిపూట ఎగిరి వచ్చి మొవ్వలోకి తొలుచుకుంటుంది. అప్పటికి ఆకు ఇంకా విప్పుకుని ఉండదు, మడతలు పెట్టిన చీరలా ఉంటుంది. మడతల మీద పడిన ఒక్క కోత, ఆకు విప్పుకున్నాక రెండు వైపులా వరసగా త్రికోణాకారంలో కనిపిస్తుంది. కత్తెర పట్టినట్టు అని మీరు రాసింది దీని గురించే. అంటే ఈరోజు మీ కంటికి కనిపిస్తున్న కోత ఈరోజు పడింది కాదు. బాగా పెరిగే కొబ్బరి చెట్టు ఏడాదికి పన్నెండు నుంచి పద్నాలుగు ఆకులు వేస్తుంది, ఉజ్జాయింపుగా నెలకు ఒకటి. కాబట్టి ఒక పని చేయండి. ప్రతి మొక్క దగ్గరా నిలబడి, పూర్తిగా విప్పుకున్న అన్నిటికంటే లేత ఆకును ఒకటిగా లెక్కపెట్టి కిందికి రండి. కోతలు అయిదో ఆకు, ఆరో ఆకు మీద ఉండి పై నాలుగూ శుభ్రంగా ఉంటే, ఆ పురుగు వచ్చి వెళ్ళి అర్ధ సంవత్సరం దాటినట్టే. ఆ మొక్క మీద ఈరోజు మందు కొట్టడం దొంగ వెళ్ళిన ఇంటికి తాళం వేయడమే. ఒకటో ఆకు, రెండో ఆకు మీద కోత ఉంటే, మొవ్వ మొదట్లో తడితడిగా నమిలిన పీచు పిప్పి బయటికి వచ్చి ఉంటే, పురుగు లోపలే ఉంది. యాభై అయిదు మొక్కలకూ ఈ లెక్క ఒక ఉదయంలో అయిపోతుంది. నాకు తెలిసినంతలో, ఈ లెక్క చేసిన రైతు తోట మొత్తానికి మందు కొట్టడు. పది పన్నెండు మొక్కల దగ్గరే ఆగుతాడు.

ఆ పది పన్నెండింటికి నాన్నగారి చువ్వను మించిన మందు లేదు. మొన కొక్కెంలా వంచి ఉన్న చువ్వను రంధ్రంలోకి పోనిచ్చి తిప్పితే పురుగు గుచ్చుకుని బయటికి వస్తుంది. పరిశోధన కేంద్రాల సిఫారసుల్లో ఇప్పటికీ ఈ పద్ధతి ఉంది. నాలుగేళ్ళ మొక్కలు నేల మీద నిలబడే అందుతాయి కనుక చెట్టెక్కే మనిషి కోసం వెతకనక్కరలేదు. ఒక్క జాగ్రత్త: చువ్వను అడ్డదిడ్డంగా పొడవకూడదు. ఆ మొవ్వే చెట్టు ప్రాణం, అది పోతే కొబ్బరికి పక్క కొమ్మ రాదు. పురుగును తీశాక ఆ రంధ్రాన్ని ఖాళీగా వదలకుండా ఇసుక, వేపపిండి కలిపి నింపండి.

ఇసుక సంగతి. మట్టల సందుల్లో పోసిన ఇసుక పురుగు కీళ్ళ మధ్య ఇరుక్కుని దాన్ని చికాకు పెడుతుంది, తొలుచుకుని పోనివ్వదు. ఒట్టి ఇసుక కంటే పావుకిలో వేపపిండిని అంతే కొలత ఇసుకతో కలిపి పైనున్న మూడు మట్టల మొదళ్ళలో పోస్తే మేలు. ఏడాదికి మూడుసార్లు, మే, సెప్టెంబరు, డిసెంబరు నెలల్లో. వేపగింజలు మీ ఊళ్ళో ఆషాఢంలో కాళ్ళ కింద పడి ఉంటాయి, పిండి కొనుక్కోవలసిన అవసరం కూడా అందరికీ ఉండదు. చిన్న మొక్కలకు కలరా ఉండలు మూడు నాలుగు చొప్పున మట్టల సందుల్లో పెట్టి పైన ఇసుక కప్పి, నలభై అయిదు రోజులకోసారి మార్చేవాళ్ళూ ఉన్నారు. అదీ పనిచేస్తుంది. కోస్తాలో పాత చేపల వలను మొవ్వ చుట్టూ మట్టల మొదళ్ళకు చుడతారు, పురుగు కాళ్ళు చిక్కుకుని అక్కడే చస్తుంది. మడకశిరలో చేపల వల ఎక్కడ దొరుకుతుందని అడగకండి, చెరువు నిండిన ఏడాది దొరుకుతుంది.

నాన్నగారు మానుకోవలసిన ఒక్కటి ఉప్పు. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను. కొబ్బరికి ఉప్పు మంచిదన్న మాట సముద్రపు ఒడ్డు నుంచి వచ్చింది, దానిలో నిజం లేకపోలేదు. కొబ్బరికి క్లోరిన్ కావాలి. కానీ మీరు ఏటా వేసే ఎరువు మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో అది దండిగా ఉంది. ఇక మీ నీళ్ళు బోరు నీళ్ళు. లోతు పెరిగేకొద్దీ ఉప్పదనం పెరుగుతున్న బోర్లు మన వైపు ఎన్ని లేవు! సరిగ్గా కడిగే వాన పడని నేలలో పోసిన ఉప్పు పోసినచోటే ఉంటుంది. కోనసీమలో ఏడాదికి రెండుసార్లు నేలను కడిగి పెట్టే వానలు మనకు లేవు. బూడిద పోయడంలో నష్టం లేదు, ఆయన సంతోషం కోసం ఉండనివ్వండి.

ఇప్పుడు ‘దిబ్బలో వెతకాలి’ అన్న మాట. నాలుగు ముక్కల్లో ఇంతకంటే సరైన పాఠం నేను చెప్పలేను. కొమ్ము పురుగు మొవ్వలో తింటుంది కానీ అక్కడ పిల్లలు పెట్టదు. పెంటదిబ్బలో, కుళ్ళిన కొబ్బరి మొద్దుల్లో, చివికిన ఊకపొట్టులో గుడ్లు పెడుతుంది. ఒక్కో ఆడపురుగు నూటికి పైగా పెడుతుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఆ కాలమంతా అది మీ దిబ్బలోనే, మీ చేతికి అందే చోటే ఉంటుంది. తెల్లగా, లావుగా, అర్ధచంద్రాకారంలో ముడుచుకుని పడి ఉండే పిల్లపురుగు మీకు కొత్త కాదు. వేరుశనగలో వేరుపురుగును చూసిన కళ్ళే కదా. దాని కంటే ఇది చాలా పెద్దది. తేడా ఒకటుంది. వేరుపురుగులో పిల్లదే నష్టం, నేల కింద వేరు కొరుకుతుంది. దాని పెద్ద పురుగులు తొలకరి పడగానే బయటికి వచ్చి వేపచెట్ల మీద చేరితే, మనవాళ్ళు చీకటి పడ్డాక కొమ్మలు దులిపి ఏరేవారు. కొమ్ము పురుగులో లెక్క తిరగబడింది. పిల్ల బతికున్న వేరును ముట్టదు, కుళ్ళినది తింటుంది. నష్టమంతా పెద్దదే చేస్తుంది. అందుకే చాలామంది దిబ్బలో పిల్లపురుగులు చూసి కూడా ‘ఇది మన చెట్టును ఏం చేస్తుందిలే’ అని వదిలేస్తారు.

అలా వదిలేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఉద్యోగం చేసే రోజుల్లో ఊరూరా తిరిగి రైతులకు చెబుతూ, సొంత ముప్పై చెట్ల పక్కనే ఎరువు గుంత పెట్టుకున్నాను, దగ్గరగా ఉంటే మోయడం తేలికని. రెండో ఏడు మొక్కలన్నీ కత్తెర పడ్డాయి. గుంత తిరగేస్తే గంపకు సగం పురుగులు. ఇంటావిడ కోళ్ళను తోలింది. సాయంత్రానికి గుంత శుభ్రం, కోళ్ళు కదలలేని స్థితిలో ఉన్నాయి. ఆ రోజు నుంచి దిబ్బల గురించి చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గించి చెబుతున్నాను.

మీరు చేయవలసింది: దిబ్బను రెండు మూడు నెలలకోసారి తిరగేయండి, కోళ్ళుంటే తోలండి. తర్వాత మెటారైజియం అనే శిలీంద్రం పొడిని పొట్లం మీద రాసిన మోతాదులో దిబ్బలో కలపండి. అది పిల్లపురుగు ఒంటి మీద మొలిచి చంపుతుంది, చచ్చిన పురుగు ఆకుపచ్చ పిండి పూసినట్టు అవుతుంది. దానికి తడి కావాలి. మన ఎండలో పొడి దిబ్బ మీద చల్లితే డబ్బు చల్లినట్టే, కనుక కలిపాక నీళ్ళు చల్లుతూ పైన మట్టలు కప్పి ఉంచండి. ఆముదం పిండి కుండలు తీయకండి. కిలో పిండికి అయిదు లీటర్ల నీళ్ళు, పులిసిన వాసనకు పెద్ద పురుగులు వచ్చి పడతాయి. రోజూ ఉదయం ఏరి చంపితేనే ఉపయోగం. వాసనతో పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్ట కొనాలనిపిస్తే అయిదెకరాలకు ఒకటి చాలు. దాన్ని మొక్కల మధ్యన పెట్టకండి, గట్టు మీద దూరంగా పెట్టండి, లేకపోతే ఊళ్ళో పురుగులన్నిటినీ విందుకు పిలిచినట్టు అవుతుంది. బుట్టను ఇరుగుపొరుగు కలిసి పెట్టుకోవడమే న్యాయం. మీ దిబ్బ ఎంత శుభ్రంగా ఉన్నా పక్కాయన దిబ్బలో పుట్టిన పురుగుకు గట్టు అడ్డం కాదు.

పక్కాయన చెప్పిన గుళికల పొట్లాలు ఫోరేట్ గుళికలైతే వాటి వాడకం మన దేశంలో 2020 చివరితో నిషేధమైంది. ఎక్కడైనా పాత సరుకు దొరికినా తేకండి.

ఇక జిగురు కారే రెండు చెట్లు. ఇది ఎర్రముక్కు పురుగు, ఈ నలుగురిలో చెట్టు ప్రాణం తీసేది ఇదే. తోటల్లో పెద్దవాళ్ళు కాండానికి చెవి ఆనించి వినడం చూశారా? లోపల కరకరమని నమిలే చప్పుడు వినిపిస్తుంది. తెల్లవారుజామున గాలి లేనప్పుడు మీ నాన్నగారిని విననివ్వండి, ఆ చెవి మనకు లేదు. రంధ్రాల నుంచి నమిలిన పీచు, గోధుమరంగు ద్రవం కారడం రెండో గుర్తు. నడిమి ఆకు వాడిపోవడం చివరి గుర్తు, అప్పటికి లోపల తినవలసింది తినేసి ఉంటుంది.

ఆకు వాడని చెట్టును కాపాడడానికి ప్రయత్నించవచ్చు. ముందు ఆ చెట్టు కాయలన్నీ దించేయండి. అన్నిటికంటే పైనున్న రంధ్రాన్ని వదిలి కింది వాటిని బంకమట్టితో గట్టిగా మూసేయండి. లీటరు నీటికి ఒక మిల్లీలీటరు ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందు కలిపి, పై రంధ్రంలోకి గరాటుతో పోసి దాన్నీ మూసేయండి. వారం తర్వాత మళ్ళీ చెవి ఆనించండి. చప్పుడు ఉంటే మరొకసారి పోయండి. ఆ చెట్టు నుంచి నలభై అయిదు రోజులు కాయ గానీ బొండాం గానీ దింపకండి. నడిమి ఆకు ఒరిగిన రెండో చెట్టును ఎక్కనివ్వకండి, తల విరిగి పడవచ్చు. మొవ్వ పట్టుకుని లాగితే ఊడి వస్తే ఇక ఆశ లేదు, కొట్టేయండి. కొట్టాక మన వాళ్ళు చేసే పని నాకు తెలుసు. మొద్దును కాలువ మీద వంతెనగా వేస్తారు, లేదా గట్టున కూర్చోవడానికి పడేస్తారు. ఆ మొద్దులో పీచుతో అల్లుకున్న గూళ్ళలో వందలాది ఎర్రముక్కు పురుగులు ఉంటాయి. అవి వెళ్ళాక కుళ్ళిన మొద్దులో కొమ్ము పురుగు చేరుతుంది. నిలువునా చీల్చి, అదే వారంలో కాల్చేయండి.

అది ఎలా వచ్చిందో తెలుసుకోవడం మరీ ముఖ్యం. ఎర్రముక్కు పురుగు గట్టి కాండాన్ని తానుగా తొలచి గుడ్డు పెట్టదు. గాయం వాసన పట్టి వస్తుంది. కొమ్ము పురుగు చేసిన రంధ్రం ఒక గాయం. ట్రాక్టర్ తగిలిన చోటు ఒక గాయం. చెట్టెక్కడానికి కొట్టిన మెట్లు గాయాలు. పచ్చి మట్టను కాండం దగ్గరికంటా నరికితే అది తెరిచిన తలుపు. అయిదు నుంచి ఇరవై ఏళ్ళ మధ్య చెట్లను ఇది ఎక్కువగా పడుతుంది, మీ పెద్ద చెట్లు ఆ వయసులోనే ఉన్నాయి, చిన్న మొక్కలు వచ్చే ఏడు అందులోకి వస్తాయి.

కాయల మీద మచ్చలు నల్లి పని. ముచ్చిక కింద దాక్కుని లేత పిందె రసం పీలుస్తుంది. మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు, భూతద్దం లేకుండా కనబడదు. ముచ్చిక అంచు నుంచి మొదట పాలిపోయిన త్రికోణం కనిపిస్తుంది, తర్వాత గోధుమరంగు, కాయ పెరిగేకొద్దీ పగుళ్ళు. పగిలిన కాయ మళ్ళీ నున్నగా కాదు. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, ఇప్పుడున్న కాయలను బాగుచేస్తామని ఎవరైనా మందు అమ్మితే అది అబద్ధం. పిందె కాయ కావడానికి ఏడాది పడుతుంది. ఈరోజు చేసే పని ఫలితం వచ్చే ఏడు గెలల్లో కనిపిస్తుంది.

పైన పిచికారీ చేస్తే ముచ్చిక కిందికి చేరేది తక్కువ. అందుకే వేరు ద్వారా ఇవ్వడం. దుకాణం వారు చెప్పిన పద్ధతి సరైనదే, వాళ్ళిచ్చిన మందే సరైనది కాదని నా భయం. అజాడిరక్టిన్ 10,000 పీపీఎం వేపమందు పది మిల్లీలీటర్లు, నీళ్ళు పది మిల్లీలీటర్లు కలిపి చిన్న ప్లాస్టిక్ సంచిలో పోయండి. చెట్టుకు రెండు మూడడుగుల దూరంలో మట్టి తీసి, పెన్సిల్ లావున ఇటుకరంగులో ఉన్న బతికిన వేరును ఎంచుకుని ఏటవాలుగా కోసి, కోసిన కొన మందులో మునిగేట్టు సంచిని కట్టండి. మరుసటి రోజుకు పీల్చకపోతే ఇంకో వేరు చూడండి. నీళ్ళు కట్టిన మర్నాడు కంటే నేల కొంచెం ఆరినప్పుడు వేరు ఆత్రంగా తాగుతుంది. కట్టే ముందు ముదురు కాయలు దించుకుని, తర్వాత నలభై అయిదు రోజులు ఆగండి. ఏడాదికి మూడుసార్లు. నూటపది చెట్లకు ఇది పెద్ద పనే. అన్నీ ఒకేసారి చేయలేకపోతే బొండాలకు కాకుండా ఎండుకొబ్బరికి వదిలే చెట్లతో మొదలుపెట్టండి, కోత ఆగినా చేతికి డబ్బు వస్తూ ఉంటుంది.

కానీ నల్లిని తట్టుకునేది తిండి ఉన్న చెట్టు. చెట్టుకు ఏడాదికి కిలో యూరియా, రెండు కిలోల సూపర్ ఫాస్ఫేట్, రెండు కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రెండు దఫాలుగా, అయిదు కిలోల వేపపిండి. మన వైపు రైతులు యూరియా మరిచిపోరు, పొటాష్ దగ్గర చెయ్యి వెనక్కి తీస్తారు. వేసవిలో డ్రిప్పు ఆగిన తోటల్లో నల్లి మచ్చలు ఎక్కువ కావడం మీరూ గమనించే ఉంటారు.

తెల్లదోమ గురించి చెప్పేది తక్కువ, కానీ అది గట్టిగా చెప్పాలి: మందు కొట్టకండి. ఆకు అడుగున గుండ్రంగా చుట్టలు చుట్టి గుడ్లు పెట్టడం దీని అలవాటు. అది విసర్జించే తేనెబంక కింది ఆకుల మీద పడి దానిపై మసి పెరుగుతుంది. చూడడానికి భయంగా ఉంటుంది, తోట పోయినట్టే అనిపిస్తుంది. కానీ దీనికి ఎన్‌కార్సియా అనే కంటికి ఆననంత చిన్న కందిరీగ శత్రువు మన తోటల్లో ఇప్పటికే తిరుగుతోంది. ఒక ఆకు కోసి, అడుగున ఉన్న పిల్లదోమలను చూడండి. కొన్ని తెల్లగా కాకుండా నల్లగా ఉంటే వాటి లోపల కందిరీగ పిల్ల ఉంది. నల్లటివి పెరుగుతున్న తోటలో మీరు ఏమీ చేయకపోవడమే పెద్ద పని. విషం కొడితే ముందు చచ్చేది ఆ కందిరీగ. దోమ మైనం కింద క్షేమంగా ఉండి, శత్రువు లేని ఇంట్లో రెట్టింపవుతుంది. మీ తోటలో నల్లటివి కనిపించకపోతే, కోలుకున్న తోట నుంచి అలాంటి ఆకు ముక్కలు తెచ్చి మీ చెట్లకు కట్టండి. చిన్న మొక్కలకు ఆకు అడుగున గట్టిగా నీళ్ళు కొట్టినా చాలావరకు రాలుతుంది. మసికి మైదా గంజి, లీటరుకు పది గ్రాముల పిండి చొప్పున పలచగా కాచి చల్లితే ఎండి పొరలా రాలుతుంది, మసిని వెంట తీసుకుపోతుంది. ఐసేరియా అనే శిలీంద్రం మందు లీటరుకు అయిదు గ్రాముల చొప్పున వాడమంటారు. మంచిదే, కానీ దానికీ గాలిలో తేమ కావాలి. ఏప్రిల్ ఎండలో మన దగ్గర దాన్ని కొట్టడం నాకు ఇష్టం లేదు. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో, సాయంత్రం పూట, పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు కొట్టి చూడండి. ఈ మందులు, మిత్రపురుగులు ఎక్కడ దొరుకుతాయో మీ గ్రామ ఉద్యాన సహాయకుణ్ణి గానీ, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడగండి. కొబ్బరి మిత్రపురుగుల పెంపకంలో కోనసీమలోని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి మంచి పేరుంది.

మీరు అడగని అయిదో దొంగ ఒకడున్నాడు, నల్లతల గొంగళి పురుగు. సరిహద్దు అవతల తుమకూరు వైపు దీని బాధ ఎక్కువ. కింది ఆకులు నిప్పు తగిలినట్టు మాడి, అడుగున పట్టు, రెట్ట కలిపి అల్లిన సొరంగాలు కనిపిస్తే అదే. ఆ ఆకులు కోసి కాల్చి, గోనియోజస్ అనే మిత్రపురుగును చెట్టుకు ఇరవై చొప్పున వదలాలి. తిపటూరు నుంచి తిరిగి వచ్చే బండ్లలో పచ్చి మట్టలు తేకుండా చూసుకుంటే చాలు.

సీసాల సంగతి. వేరుకు కట్టమన్న సీసా మీద పేరు చదవండి. మోనోక్రోటోఫాస్ 36 శాతం అని ఉంటే, నిన్నమొన్నటి దాకా అందరం చెప్పిన మందే అది, నేనూ చెప్పాను. ఇప్పుడు కాదు. కేంద్రం 2023లో దాన్ని ఆపేసింది. పైగా మీ బొండాలు బెంగళూరులో జ్వరం వచ్చిన వాళ్ళూ చిన్నపిల్లలూ తాగుతారు. మిగిలిన రెండు సీసాలు కలిపి ముప్పై అడుగుల చెట్ల మీద చల్లడం తెల్లదోమకు చేసే సేవ. విప్పని సీసాలు, బిల్లు, ఈ ఉత్తరం పట్టుకుని వెళ్ళండి. బదులుగా వేపమందు, పొటాష్ ఇస్తే తీసుకోండి. దుకాణం ఆయనతో తగవు పెట్టుకోకండి, ఎరువులకు మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాలి.

చెల్లెలి పెళ్ళి పందిరికి మీ చెట్ల మట్టలే కొట్టుకోండి, పెళ్ళింటికి అదొక ముచ్చట. అయితే జిగురు కారే రెండు చెట్లనూ వాటి చుట్టుపక్కల చెట్లనూ ముట్టుకోవద్దు. మిగిలిన వాటిలో చెట్టుకు ఒకటి చొప్పున, అన్నిటికంటే కింద వాలిన మట్టనే తీయండి. కాండం నుంచి నాలుగడుగుల మొదలు వదిలి నరకమని కొట్టే అతనికి ముందే చెప్పండి, ఆ మొదలు ఎండి తనంతట రాలుతుంది. నలభై మట్టలు కావాలంటే నలభై చెట్లు ఉన్నాయి కదా. ఆ పని నాన్నగారిని దగ్గరుండి చేయించమనండి, ఆ రోజు ఉప్పు డబ్బా మాత్రం ఇంట్లోనే ఉంచండి.